ముఖరేఖయు మానదండమును

బొమ్మలు వేయ నేర్చుకొనబూనిన పిల్లలకు మనుష్యముఖమును గూర్చి మొదట చెప్పెడి పాఠము చిత్రలేఖనపాఠమువలె గాక క్షేత్రగణితపాఠమువలె నుండును. కోడిగ్రుడ్డు వంటి యాకృతి నొకదానిని గీయుము. నిలువుగ నొక గీతను, అడ్డముగ నొక గీతను గీసి దానిని సగములు చేయుము. అడ్డగీతమీద కన్నులుండును. ముఖపు వెడల్పు నైదు భాగములు చేసిన నందొకటి కన్ను. రెండు కన్నుల నడుమ నింకొక కన్ను పట్టునంత యెడము. వెండ్రుకల మొదటినుండి కనుబొమలవరకు నొక పాలు, కనుబొమలనుండి ముక్కు అడుగువరకు నొక పాలు, అచటినుండి గడ్డపుకొనవరకు నొక పాలు, మూడును సమానములు. చెవి కనుబొమ కెదురుగ మొదలై ముక్కు అడుగున కెదురుగ ముగియును. పెదవుల కొనలనుండి పైకి నిలువుగీతలు గీసినచో నవి కనుపాపల దాపునకు వచ్చును. ఇంతే. ఈ సూత్రములను కంఠస్థము చేసినవాడు అరగంటలో నొక ముఖమును గీయగలడు. చూచుటకది బాగుగనే యుండును. కాని యది యెవరి ముఖమని యడిగినచో నుత్తర ముండదు.

ఈ లోపము సూత్రములదా, వానిని బోధించువారిదా యనునది విచారింపదగిన విషయము. నేడు మన పట్టణములలో వేసవి సెలవులు వచ్చినతోడనే చిత్రలేఖనపు తరగతులు వెలయుచున్నవి. మగపిల్లలతోపాటు ఆడుపిల్లలును పలకయు పెన్సిలును చేతబట్టి పోవుచున్నారు. బొమ్మలు వేయుట యన్నము పెట్టునా యని గద్దించిన తరము క్రమముగ గడచిపోవుచున్నది. ఇది సంతోషింపదగినదే. కాని పిల్లలు నేర్చుట యెంత ముఖ్యమో, వారు నేర్చుచున్న దేమియో పెద్దలు చూచుటయు నంత ముఖ్యము. ముఖమును కొలుచుట యనునది కాగితముమీదనే నిలిచిపోవు విద్య కాదు.

సూత్రముల పక్షమున చెప్పవలసినది ముందుగ చెప్పెదను. శిక్షణ లేని చేయి మనుష్యముఖమును గీసినప్పుడు కన్నులను తలకు నడుమ గీయదు. చాల పైగ, ఇంచుమించు నుదుటిమీద గీయును. నుదురును చిన్నది చేయును, నడినెత్తిని కోసివేయును. ఇట్లేల జరుగును? మనము మనుష్యుని జూచునప్పుడు కన్నులను, ముక్కును, నోటిని చూతుము. మాట యందే, నవ్వు నందే, కోప మందే మన దృష్టి నిలుచును. నుదురును జుట్టును మన కేమియు చెప్పవు. కావున మనస్సు వానికి చోటు తగ్గించును. చేయి కంటిమాట వినక మనస్సు మాట వినును. అద్దము ముందు నిలిచి, యొక పుల్లతో నడినెత్తినుండి కంటివరకు, కంటినుండి గడ్డమువరకు కొలిచి చూచుకొన్న వారికి రెండును సమానమని తెలిసి యాశ్చర్యము కలుగును. అనగా సూత్రము ఇచ్చట మన అభిప్రాయమును ఖండించి సత్యమును చూపుచున్నది. ఈ యుపకారము చిన్నది కాదు. కొలత లెల్ల కళకు సంకెలలని యాక్షేపించువారు తమ చిత్రములలోని కన్నులు నెత్తి కెక్కియున్నవో లేదో యొకసారి చూచుకొందురుగాక.

ఈ కొలత లెచ్చటనుండి వచ్చినవి? పాశ్చాత్యులయందు వీని మూలమును క్రీస్తునకు పూర్వము మొదటి శతాబ్దమునాటి విట్రూవియస్ గ్రంథమున గాంచవచ్చును. గడ్డమునుండి ముక్కు అడుగువరకు, అచటినుండి కనుబొమల నడుమవరకు, అచటినుండి వెండ్రుకల మొదటివరకు మూడు సమభాగములని చెప్పిన దాయనయే. గమనింపదగిన దేమనగా, విట్రూవియస్ చిత్రకారుడు కాడు, వాస్తుశిల్పి. ఆ మాటలు చెప్పినది దేవాలయనిర్మాణమును గూర్చిన ప్రకరణమున. శరీరమున నవయవములకు పరస్పరము పొందిక యున్నట్లు, ఆలయమున భాగములకు పొందిక యుండవలెనని చెప్పుట కాయన మనుష్యుని దృష్టాంతముగ గ్రహించెను. ఉపమానముగ చెప్పబడిన దానిని తరువాతివారు శాసనముగ గ్రహించిరి. పదునైదవ శతాబ్దమున లియొనార్డో ఆ కొలతలను పరీక్షించి చిత్రించెను. డ్యూరర్ అను జర్మను చిత్రకారుడు జీవితమున పెక్కేండ్లు సౌందర్యమున కొక్క కొలత గలదేమో యని వెదకి, తుదకు దానిని విడిచిపెట్టెను. 1528లో ఆయన మరణించిన కొన్ని మాసములకు వెలువడిన మానవప్రమాణ గ్రంథమున ఒక్క యాదర్శమూర్తి లేదు. లావుపాటివారు, సన్ననివారు, పొట్టివారు, పొడుగువారు వేర్వేరు కొలతలతో నున్నారు. ముఖముపై గళ్ళు గీసి, ఆ గళ్ళను ఒకచో విప్పి, ఒకచో నొక్కి, ఒక్క ముఖమునుండి పెక్కు ముఖములను పుట్టించు విధమును గూడ నాయన చూపెను. ఐరోపాలో మానదండమును బట్టి యంత దూరము నడచినవాడే దాని యేకత్వమును త్రోసివేసెనను సంగతిని మన డ్రాయింగు పుస్తకములు చెప్పవు.

మనదేశమున నీ విద్యకు తాళమానమని పేరు. ముఖము పొడవు ఒక తాళము, తాళమునకు పండ్రెండంగుళములు. నుదురు నాలుగు, ముక్కు నాలుగు, గడ్డము నాలుగు. తొమ్మిది తాళముల మూర్తి నూటయెనిమిది యంగుళములు. విట్రూవియస్ చెప్పిన మూడు సమభాగములే యిచ్చటను గలవు. ఎవరినుండి యెవరు గ్రహించిరను వాదములోనికి నేను పోను. మనుష్యముఖమును శ్రద్ధగ చూచినవా రెవరైనను మూడు పాళ్ళను గుర్తింతురని యూరకుండుట మేలు. అంతకంటె విలువగల సంగతులు రెండు మన గ్రంథములందున్నవి.

మొదటిది బృహత్సంహితలోనిది. ఆరవ శతాబ్దమునాటి వరాహమిహిరుడు ప్రతిమాలక్షణాధ్యాయమున ముఖము పండ్రెండంగుళముల పొడవును నంతే వెడల్పును గలదని చెప్పి, వెనువెంటనే నగ్నజిత్తు మతము ననుసరించి ద్రావిడమానమున ముఖము పొడవు పదునాలుగంగుళములని చెప్పుచున్నాడు. అనగా శాస్త్రకారుడు తన కొలత చెప్పుచున్నప్పుడే మరియొక ప్రాంతమున మరియొక కొలత గలదని యొప్పుకొనుచున్నాడు. దానిని తప్పనుట లేదు. ఇంతేకాదు. ఆయన చెప్పిన యంగుళము బజారులోని బద్దమీది యంగుళము కాదు. మూర్తి పొడవునే భాగించి వచ్చిన భాగమే దాని యంగుళము. ఏ మూర్తి కా మూర్తియే తన కొలబద్ద. ఈ చిన్నమాటయందు చిత్రకారునకు గావలసిన వివేకము చాల గలదు. దానిని ముందు వివరించెదను.

రెండవది చిత్రలక్షణమను గ్రంథములోని కథ. నగ్నజిత్తు రచించినదని చెప్పబడు నీ గ్రంథమునకు సంస్కృతమూలము నష్టమై, టిబెట్టుభాషలోని యనువాదము మిగిలినది. 1913లో బెర్తోల్డు లౌఫర్ దానిని జర్మనులో ప్రకటించెను. ఒక బ్రాహ్మణుని కుమారుడు అకాలమున మరణించెను. రాజు యమునితో పోరాడెను. బ్రహ్మ వచ్చి, ఆ బాలుని పోలిక తప్పకుండ చిత్రింపుమని రాజుతో చెప్పి, చిత్రమునకు ప్రాణము పోసి తండ్రి కిచ్చెను. చిత్రకళ యట్లు పుట్టినదట. చదువరులు గమనింతురుగాక: కథలోని మొదటి చిత్రము చక్రవర్తిది కాదు, దేవునిది కాదు, ఒక యింటి పిల్లవానిది. ఆ తండ్రి కోరినది పండ్రెండంగుళముల యాదర్శముఖము కాదు, తన కుమారుని ముఖము. కాని కథ ముగిసి లక్షణములు మొదలుకాగానే గ్రంథము చక్రవర్తి కొలతలను వర్ణింప నారంభించును. చచ్చిన పిల్లవాడు మరల కనబడడు. పోలిక కొరకు పుట్టిన కళ లక్షణమునందు పడి పోలికను మరచిన వైన మొక్క గ్రంథమునందే యింత స్పష్టముగ కనబడుట విచిత్రము.

దేవతామూర్తిని చెక్కు శిల్పికి తాళమానము తగినదే. భక్తుడు దూరమునుండి చూచినను నిది విష్ణువు, ఇది బుద్ధుడు అని గుర్తింపవలెను. ముత్తాత చెక్కిన మూర్తియు మునిమనుమడు చెక్కిన మూర్తియు నొక్కటిగ నుండవలెను. అచ్చట వ్యక్తివిశేషము దోషము. మనుష్యచిత్రమునందు వ్యక్తివిశేషమే వస్తువు. ఈ రెంటిని కలుపుటవలన కలిగిన చెరుపు చిత్రములకంటె ముందు మన కావ్యములలో కనబడును. మన ప్రబంధములను చదివినవారికి తెలియును. నాయికల పేర్లు మారును గాని ముఖము మారదు. కన్నులు తామరరేకులు, ముక్కు సంపెంగ లేక నువ్వుపువ్వు, పెదవి దొండపండు, మెడ శంఖము. ముక్కును వర్ణించి ముక్కు తిమ్మన యని పేరొందిన కవియు గలడు. ఆయన పద్యపు చమత్కారమును నేను కాదనను. కాని వరూధినియు సత్యభామయు మాటచేతను కోపముచేతను మన మనస్సున నిలిచిరేకాని, ముక్కుచేత నిలువలేదు.

అవనీంద్రనాథ ఠాకూరుగారు 1914లో భారతీయ శిల్పమునందలి శరీరలక్షణములను గూర్చి చిన్నపుస్తకమును ప్రకటించినప్పుడు, ముఖమునకు కోడిగ్రుడ్డు, తమలపాకు, కంటికి చేప, కాటుకపిట్ట, ముక్కునకు నువ్వుపువ్వు, చిలుకముక్కు మొదలగు పోలికల నన్నింటిని బొమ్మలతో చూపిరి. ఐనను వీనిని మార్పులేని శాసనములుగ గ్రహింపవలదని శిష్యులను ముందే హెచ్చరించిరి. ఆ పుస్తకమును చూపి పోలికలను వల్లెవేయించు ఉపాధ్యాయులు ఆ హెచ్చరికను వదలివేయుట తరచుగ చూచుచున్నాము. ఈ పోలికలయం దొక మంచి గలదు: చేపయు, ఆకును, పువ్వును రేఖ యొక్క వంపును చెప్పును గాని, కొలతను చెప్పవు. విష్ణుధర్మోత్తరమునందలి చిత్రసూత్రము కంటి యాకారములను చెప్పుచు, ధ్యానించువాని కన్ను వింటివలె, కామినుల కన్ను చేపకడుపువలె, నిర్వికారుని కన్ను కలువరేకువలె, భయపడినవాని యేడ్చువాని కన్ను తామరరేకువలె నుండునని చెప్పినది. ఒక్కని కన్నే లోపలి స్థితిని బట్టి మారునన్నమాట. కన్నులు తామరరేకులని పొగడిన కవులందరు తమ నాయికలు భయపడి యుండిరని యనుకొనిరా యని యొకసారి యడుగవలెనని నాకు తోచును.

ఇపుడు మన పిల్లల చేతిలోనున్న పుస్తకమున కొత్తము. ప్రపంచమున నెచ్చట తల గీయ నేర్పుచున్నను, వెనుక ఆండ్రూ లూమిస్ అను అమెరికా చిత్రకారుని నీడ యున్నది. 1892లో పుట్టి 1959లో గతించిన యీయన పత్రికలకును వ్యాపారప్రకటనలకును బొమ్మలు వ్రాసి పేరు గడించెను. 1939లో ఫన్ విత్ ఎ పెన్సిల్, 1943లో ఫిగర్ డ్రాయింగ్, 1956లో డ్రాయింగ్ ది హెడ్ అండ్ హ్యాండ్స్ వెలువడినవి. ఆయన చేసిన మేలు గొప్పది. గ్రుడ్డును గీసి గీతలు గీయుట బదులు, ఒక బంతిని గీసి, దాని రెండు ప్రక్కలను పలుచగ కోసి, కనుబొమల గీతను బంతిచుట్టు త్రిప్పి, దానినుండి క్రిందికి దవడను దింపవలెనని చెప్పెను. గ్రుడ్డు కాగితమునకు అంటియుండును, బంతి తిరుగును. తల వంచినను, ఎత్తినను, ప్రక్కకు త్రిప్పినను గీతలు దానితోపాటు తిరుగును. మూడు సమభాగములన్నవి తల నిటారుగ నిలిచి మనకెదురుగ నున్నప్పుడే సమముగ కనబడును. పుస్తకము చదువుకొను పిల్లదానిని గీయునప్పుడు నుదురు పెరుగును, గడ్డము కుంచించుకొని పోవును, చెవులు కనుబొమలకంటె మీదికి పోవును. గ్రుడ్డుపాఠము నేర్చినవాడు ఇచ్చట దారి తప్పును.

మనవారికిది తెలియనిది కాదు. చిత్రసూత్రము ఋజ్వాగతము, సాచీకృతము, పార్శ్వాగతము మొదలుగా తొమ్మిది స్థానములను చెప్పి, స్థానమును బట్టి యవయవములు తగ్గుటయు పెరుగుటయు క్షయవృద్ధులని పేర్కొన్నది. కాని క్షయవృద్ధులను బంతి గీసి చూపుటకు తగిన సులభోపాయమును లూమిస్ వలె నింటింటికి చేర్చినవారు లేరు. ఈ విషయమున నాయన ఋణమును ఒప్పుకొనవలెను.

ఐతే ఆయన పుస్తకమున కొక దోషము గలదు. సామాన్యమనుష్యుడు ఏడున్నర తలల పొడవుండునని చెప్పుచునే, ఎనిమిది తలల మూర్తిని ఆదర్శముగ నిలిపెను. ముఖముల విషయమునను అంతే. ఆ పుటలలో తరచుగ కనబడు పురుషుడు చదరపు దవడయు నిటారు ముక్కును గల అమెరికా యువకుడు. స్త్రీ సబ్బు ప్రకటనలోనుండి దిగివచ్చినట్లుండును. సరకు నమ్ముటకు గీసిన ముఖ మది. ఆ కాలమున ఆ దేశమున ఆ వ్యాపారమున కది చెల్లినది. కాకినాడలోనో కరీంనగరములోనో ఒక బాలిక దానిని చూచి, తన తల్లిని గీయబోయి, తల్లిముక్కు పుస్తకములోని ముక్కువలె లేదని తల్లిముక్కునే దిద్దినచో, చెల్లనిది చెల్లించినట్లగును. లూమిస్ శిశువులను, బడిపిల్లలను గూర్చి వేరు భాగములు వ్రాసినమాట నిజమే. కాని నేర్చువారు మొదటి భాగమును దాటి పోవుట యరుదు. పుస్తకము దోష మొక పాలు, తొందర మూడు పాళ్ళు.

వయస్సు విషయము నింకొంచెము చెప్పవలెను. ఏలయన సూత్రము మొదట విఱుగునది యిచ్చటనే. అప్పుడే పుట్టిన శిశువు తల దేహములో నాల్గవపాలు. కపాలము ముందు పెరుగును. దవడలు పళ్ళతోపాటు మెల్లమెల్లగ దిగును. కావున శిశువు కన్నులు తలకు సగమున నుండవు, సగమునకు క్రిందనుండును. నుదురు విశాలము, ముక్కు పొట్టి, గడ్డము లేశము. పెద్దవాని కొలతతో చంటిబిడ్డను గీసినచో నది కుదించిన పెద్దవాని బొమ్మయగును. ఇక ముదిమిలో పళ్ళు రాలినకొలది, పళ్ళను పట్టియున్న ఎముక కరగిపోవును; పెదవులు లోనికి పోవును; గడ్డము ముక్కు వైపునకు జరుగును. ముక్కుకొన వ్రాలును, చెవితమ్మె సాగును. మూడు సమభాగములలో క్రింది భాగము చిన్నబోవును. అమ్మమ్మను సూత్రము ప్రకారము గీసిన పిల్లవాడు ఆమెకు ముప్పదియేండ్ల పళ్ళను మరల కట్టించుచున్నాడు. ముడుతలు పెట్టినచో వార్ధక్యము వచ్చునని భ్రమించి నలువది గీతలు గీయును. ముడుతలుపడిన యువతి తయారగును. ఇది మన పత్రికలలో ముద్రితమగు బొమ్మలందు గూడ కనబడుచున్న దోషమే.

ఇంతవరకు కాగితముమీది కథ. కొలబద్ద కాగితమునుండి లేచి మనుష్యులమధ్యకు వచ్చిన కథ వేరొకటి. పదునెనిమిదవ శతాబ్దమున పీటర్ కాంపర్ అను డచ్చి వైద్యుడు చిత్రకారులకు సాయపడదలచి ముఖకోణమను దానిని కల్పించెను. నుదుటినుండి పైపెదవివరకు నొక గీత, చెవినుండి ముక్కు అడుగువరకు నొక గీత. రెంటి నడుమ కోణము. గ్రీకు శిల్పములకు నూరంశములు, ఐరోపావారికి ఎనుబది, ఆఫ్రికావారికి డెబ్బది యని యాయన లెక్క. ఆయన మరణానంతరము 1791లో గ్రంథము వెలువడినది. కాంపర్ ఉద్దేశము చిత్రలేఖనమే యైనను, తరువాతివా రా యంశములను మెట్లుగ చేసి మనుష్యజాతులను దానిమీద నిలువబెట్టిరి. ఏ మనుష్యునికిని లేని శిల్పపు కోణమును అగ్రమున నుంచి, బ్రదికియున్నవారినందరిని దానికి తక్కువవారిని చేసిన లెక్క యది.

ఆ గాలి మనదేశమునకును వచ్చినది. హెర్బర్టు రిజ్లీ ముక్కు వెడల్పును దాని పొడవుతో భాగించి నూటితో గుణించిన నాసికాసూచి యను సంఖ్యను గైకొని, దానిని బట్టి కులముల తారతమ్యమును చెప్పవచ్చునని వాదించెను. ముక్కు వెడల్పైనకొలది హోదా తగ్గునట! ఆయనయే 1901 జనాభాలెక్కల కధికారి. మదరాసు మ్యూజియమునకు 1885 నుండి 1908 వరకు అధ్యక్షుడుగ నున్న ఎడ్గర్ థర్‌స్టన్ కొలతపరికరములను చేతబట్టి మన ప్రాంతపు ప్రజల తలలను ముక్కులను కొలిచెను. 1909లో కె. రంగాచారిగారి సహాయముతో ఏడు సంపుటములుగ వెలువడిన ఆయన గ్రంథమున మన కులములు కొలతలతో సహా చేరినవి. అందలి యాచారవర్ణనలు చరిత్రకారున కుపయోగింపవచ్చును. ముక్కుల పట్టికలు మాత్రము మనుష్యుని గూర్చి యేమియు చెప్పవు. కొలిచినవారి నమ్మకమును గూర్చియే చెప్పును. అంబేడ్కరుగారు 1948లో ప్రకటించిన ది అన్‌టచబుల్స్ అను గ్రంథమున అదే నాసికాసూచీలను తీసికొని, బ్రాహ్మణునికిని అంటరానివాడనబడినవానికిని జాతిభేదము లేదని నిరూపింప బూనిరి. శత్రువు కొలబద్దతోనే శత్రువు వాదమును కొలిచిన ఘట్టమది.

ఈ సంగతి చిత్రలేఖనమున కెట్లు సంబంధించునని యడుగువారు, మన యిండ్లలో పెండ్లిచూపులనాడు జరుగు సంభాషణమును గుర్తుకు దెచ్చుకొందురుగాక. ముక్కు చప్పిడి, నుదురు పెద్దది, పెదవి మందము, ఛాయ తక్కువ. పిల్ల చదువును, నడతను, మనస్సును అడుగకముందే ముఖమున కొలబద్ద పడును. ఆ పెద్దలెవరును విట్రూవియస్‌ను చదివినవారు కారు. కాని బడిలో సరియైన ముఖమని యొకదానిని గోడకు తగిలించి, దానికి దగ్గరగ నున్న బొమ్మకు మార్కులిచ్చు ఉపాధ్యాయుడు ఆ పెద్దలకు తెలియకయే సాయపడుచున్నాడు. పిల్లలు ఇంటికి పోయి యద్దమున చూచుకొందురు. గోడమీది ముఖము సరియైనదైనచో అద్దములోని ముఖ మేమగును?

స్వర్ణనిష్పత్తి యను మాట యీమధ్య చదువుకొన్నవారి నోట గూడ వినబడుచున్నది. 1.618 అను సంఖ్య ప్రకారము అమరిన ముఖమే సుందరమని, గ్రీకులు దీనితోనే ముఖములను చెక్కిరని చెప్పుదురు. విట్రూవియస్ ముఖపు కొలతలలో నీ సంఖ్య లేదు. ఆయన చెప్పినవి మూడవపాలు, ఎనిమిదవపాలు, పదవపాలు వంటి సామాన్యభిన్నములు. మనుష్యదేహమునందంతటను స్వర్ణనిష్పత్తి యున్నదను వాదమును 1854లో బలముగ లేవదీసిన వాడు జెసింగ్ అను జర్మను పండితుడు. ప్రాచీనుల పేరు చెప్పుకొని చెలామణియగు నూతనవస్తువులలో నిదియు నొకటి. ఇక పాత సూత్రముల సంగతి. టొరాంటోలోని లెస్లీ ఫార్కస్ అను వైద్యుడును ఆయన సహచరులును 1985లో ఉత్తర అమెరికాలోని తెల్లవారైన యువజనుల ముఖములను కొలిచి, ముఖలక్షణసూత్రములలో పెక్కు కొద్దిమంది ముఖములకే సరిపడునని చూపిరి. ఎవరి ముఖములనుండి యీ సూత్రములు పుట్టినవని చెప్పుదుమో వారి మనుమలకే యవి సరిపడనప్పుడు, మన పిల్లల ముఖములను వానితో దిద్దబూనుట యెంతటి సాహసము!

అట్లని కొలత మానవలెనా? మానినచో కన్నులు మరల నెత్తి కెక్కును. వరాహమిహిరుని స్వాంగుళము ఇచ్చట మనకు దారి చూపును. చేయి చాచి, పెన్సిలు నిలువుగ పట్టి, ఒక కన్ను మూసి, ఎదుట కూర్చున్నవాని కంటి వెడల్పును బొటనవ్రేలితో గుర్తింపుము. అదే వాని యంగుళము. ఆ యంగుళముతో వాని ముఖమునే కొలువుము. పుస్తకమున ఐదని యున్నది. వానికి ఐదున్నర యుండవచ్చును, నాలుగుముప్పావు ఉండవచ్చును. ఆ యరయు నా పావును వాడు. పుస్తకమునందలి ఐదు ఎవరును కారు. సూత్రము నిట్లు ప్రశ్నగ మార్చినచో నది కంటిని పదును పెట్టును. జవాబుగ మిగిల్చినచో కంటిని మూయును. ఇందులకు ఎదుట మనిషి యుండుట యవసరము. చేతిఫోనుతో దగ్గరనుండి తీసిన ఛాయాచిత్రమును జూచి గీయువారు ముక్కు పెద్దదిగను చెవులు చిన్నవిగను గీయుదురు. అది మనిషి దోషము కాదు, దగ్గరనుండి చూచిన కటకము దోషము. పది యడుగుల దూరమున కూర్చుండబెట్టి చూచిన ముఖమే కొలతకు నిలుచును.

దామెర్ల రామారావుగారు 1897లో పుట్టి 1925లో మశూచికముచే గతించిరి. ఇరువదియెనిమిదేండ్లైనను నిండని జీవితము. బొంబాయి కళాశాలలో పాశ్చాత్యపద్ధతిని శ్రద్ధగ నేర్చియు, రాజమహేంద్రవరమునకు తిరిగివచ్చి తెలుగుమనుష్యులను చిత్రించిరి. ఆ నగరమందలి చిత్రశాలకు పోయినవారు పేరుపడిన పెద్ద చిత్రములతోపాటు చిన్నచిన్న రేఖాచిత్రములను గూడ నిలిచి చూడవలెనని నా విన్నపము. ఆయన సోదరి దిగుమర్తి బుచ్చికృష్ణమ్మగారును చిత్రకారిణియే. నూరేండ్ల క్రిందట తెలుగింట నన్నయు చెల్లెలును కుంచె పట్టి పనిచేసిరనుట నేటి తల్లిదండ్రులు బిడ్డలకు చెప్పదగిన సంగతి.

తరగతి నడుపువారు చేయదగిన పని కష్టమైనది కాదు. మొదటి దినమున సూత్రముఖమును గీయింపవచ్చును. దానికి సూత్రముఖమనియే పేరు పెట్టవలెను, సుందరముఖమని కాదు. రెండవ దినమున పిల్లలు ఇంటినుండి ముగ్గురి ముఖములను గీసికొని రావలెను: ఏడాది నిండని బిడ్డ దొకటి, తల్లిదో తండ్రిదో యొకటి, ఇంటిలో నందరికంటె పెద్దవారి దొకటి. ఆ కాగితములను సూత్రముఖము ప్రక్కన గోడకు తగిలించి, గీత యెచ్చటెచ్చట సూత్రమును వదలినదో ఎఱ్ఱపెన్సిలుతో పిల్లలచేతనే గుర్తు పెట్టింపవలెను. బిడ్డ బొమ్మమీద గుర్తు నుదుటియొద్ద పడును. అమ్మమ్మ బొమ్మమీద ముక్కునకును గడ్డమునకును నడుమ పడును.